గ్యారంటీ పొరపాట్లు

మంగళగిరి నేతగాడు కోటిలింగం నేసిన చీర ఆన్‌లైన్‌లో అమ్ముడైంది. పెట్టెలో పెట్టబోతూ, అమ్మకాల యాప్ తనంతట తానే రాసుకున్న వివరణ చదివాడు: “చేనేత. మనిషి చేసిన పొరపాట్లు మూడు, గ్యారంటీ.”

భూతద్దం పట్టి వెదికినా ఒక్కటీ దొరకలేదు. యాప్ వాళ్లకి ఫోన్ చేశాడు.

“తప్పు రాశారండీ. నా నేతలో పొరపాట్లేం ఉండవు.”

“కొన్నాక వివరణ మారదండీ,” అంది అటునుంచి తియ్యటి యంత్రం గొంతు. “చీరనే మార్చండి. పొరపాటు లేకపోతే మరమగ్గం చీర కిందే లెక్క.”

తప్పు పెడదామని సూదితో పోగు జరపబోతే, నలభై ఏళ్లుగా నేసిన చెయ్యి మొరాయించింది.

“నీ వల్ల కాదు గానీ ఇటియ్యయ్యా,” అంటూ భార్య తులశమ్మ చీరను పక్కవీధి కార్ఖానాకి పట్టుకెళ్లింది. అక్కడి యంత్రం క్షణంలో మూడు పొరపాట్లు పెట్టింది, అచ్చం మనిషి చేసినట్టే.

పెట్టె మీద యాప్ ముద్ర పడింది: “అసలు సిసలు చేతిపని.”