సీటు పట్టుకున్న చెయ్యి

గంగాధర మాస్టారికి భార్య జయమ్మ మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. వంట మీద కాదు, నోటి మీద కాదు. ఆమె సైకిలు నేర్చుకోదు. పోనీ అంటే, నేర్చుకోవడం మానదు.

పెనుకొండ బడిలో ఆయన లెక్కల మాస్టరు. బండరాయికైనా ఎక్కాలు నేర్పగలడని పేరు. ఆ పేరు ఇప్పుడు రోజూ పొద్దున కోట కింది మైదానంలో, నలుగురూ చూస్తుండగా ఇసుకలో పడుతోంది.

అసలు ఆయనకు ఈ పనికి తీరికే లేదు. నయాపైసలు వచ్చిన ఆ ఏడాది ఎండాకాలంలో ఛాతీ నొప్పి వస్తే హిందూపురం డాక్టరు దగ్గరికి పోయాడు. “సార్, రోజూ నడవండి. లేదంటే ఈ గుండెకు నేను పూచీ కాదు” అన్నాడాయన.

మాస్టారు మర్నాడే బయలుదేరాడు. వీధి మలుపులోనే పక్కింటి మల్లప్ప ఎదురయ్యాడు.

“యాడికి సార్ పోతాండారు?”

“యాడికీ లేదప్పా. ఊరికే.”

“ఊరికే యాల సార్? పనేందో చెప్పండి, మావోడు పోయొస్తాడు.”

వీధి దాటేలోగా అదే ప్రశ్న ఇంకో నాలుగైదు నోళ్ళలోంచి వచ్చింది. పని లేకుండా నడిచే మాస్టరుకు మతి కూడా లేదని జనం అనుకుంటారని ఆయనకు తోచింది. నడక ఆ రోజుతో సరి. జయమ్మ రెండుసార్లు గుర్తు చేసి కసురు తింది. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

దానికి బదులు ఇంకో ఊసు ఎత్తింది. బ్లాకాఫీసు గ్రామసేవిక సైకిలు మీద పోవడం చూసిందట. తనకూ నేర్పమంది.

లాల్‌సాబ్ షాపులో బాడుగ సైకిలు తెచ్చారు. జయమ్మ చెంగు దోపుకుని ఎక్కింది. మాస్టారు వెనక సీటు పట్టుకుని పరుగెత్తాడు.

“ముందుకు సూడమ్మే! కిందికి కాదు!”

“ఇడ్సొద్దండీ! పట్టుకోనుండారా?”

“ఉండాలే! తొక్కు!”

చెయ్యి వదిలితే చాలు, హ్యాండిలు పాములా మెలికలు తిరిగేది. ఆమెకు వీపున కళ్ళున్నాయేమో, ఎంత నెమ్మదిగా వదిలినా తెలిసిపోయేది. పడితే మాత్రం ఎప్పుడూ మెత్తని ఇసుకలోనే. మోకాలికి గీత కూడా పడలేదు. తెలివి లేకపోయినా అదృష్టం ఉంది అనుకునేవాడు మాస్టారు.

మొదట్లో అరిచాడు. మొద్దు అన్నాడు. బడిలో మూడో తరగతి పిల్లలు నయమన్నాడు. అరిచిన రోజు ఆమె ఇంకా త్వరగా పడేది, మళ్ళీ మొదటినుంచి పరుగెత్తాల్సి వచ్చేది. సరేనని పద్ధతి మార్చాడు.

“భలే! నిన్నటికన్నా మేలు!”

మెచ్చుకుంటే జయమ్మకు హుషారు వచ్చేది. మైదానం దాటి రోడ్డెక్కేది. సీటు వదలనివ్వదు గనక మాస్టారూ రోడ్డెక్కాల్సి వచ్చేది. దారిలో మల్లప్ప పక్కకు తప్పుకుని నవ్వేవాడే గానీ, యాడికని అడిగేవాడు కాదు.

లాల్‌సాబ్ మాత్రం ఊరుకోలేదు. “ఏం సార్, మా బండికి రోడ్డంతా కంఠతా వచ్చేసె. అమ్మకే ఇంకా రాలే!”

ఆ రాత్రి మాస్టారు అన్నం సరిగా తినలేదు.

వానాకాలం వచ్చింది. జయమ్మ పోరు పడలేక, ఆమెను వెంటబెట్టుకుని మళ్ళీ హిందూపురం పోయాడు. డాక్టరు గొట్టం పెట్టి విన్నాడు. ఇంకోసారి విన్నాడు.

“భేష్! గుండె గడియారం మాదిరి కొట్టుకుంటాండాది. బాగా నడుస్తాండారే!”

“యాడ నడిచేది సార్? టైమెక్కడిది? పొద్దున లేస్తే ఈమె సైకిలెనక పరుగెత్తేదే సరిపోతాది.”

డాక్టరు పడీ పడీ నవ్వాడు. “అమ్మా, మీరు తొందరపడి నేర్చుకోవద్దండి!”

మాస్టారికి నవ్వు రాలేదు. స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాక కూడా మొహం అలాగే ఉంది.

“డాక్టరు అంత మంచిమాట చెప్తే అట్లుండారేం?” అంది జయమ్మ.

“గుండె బాగుండి ఏం లాభమే? ఎంత మొద్దోనికైనా నేర్పిస్తి. ఇంట్లో మనిషికి నేర్పలేకపోతి. నేను అరిచి అరిచి నీ ధైర్యమే చంపేస్తి. తప్పు నాదే. బళ్ళో గూడా ఎంతమంది ధైర్యం ఇట్ల చంపినానో ఏమో. రాజీనామా రాసిస్తా.”

జయమ్మ నవ్వబోయి, ఆయన కళ్ళు చూసి ఆగిపోయింది. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

“తప్పు మీది కాదు, నాది,” అంది తల వంచుకుని, “పెండ్లిచూపుల్లో మావోళ్ళు చెప్పొద్దన్నారని ఊరకుంటి గానీ, ధర్మవరంలో మా నాయన పట్టునూలంతా మగ్గాల ఇండ్లకు సైకిలు మీద చేరేసింది నేనే.”