కూర్మయ్య కొత్త సిస్టం

మడుగు ఒడ్డున, మొగలి పొద కింద, తాబేలు కూర్మయ్య ఓ పాత కంప్యూటర్ పెట్టుకుని శుభలేఖలు వేసేవాడు. దానికి మెమరీ తక్కువే గానీ, చెప్పిన పని గొణక్కుండా చేసేది.

ఆ ఏడు చినుకు లేదు. కప్పల పెళ్ళి చేస్తే వాన పడుతుందని గోదురుకప్ప తన కూతురి పెళ్ళి ఖాయం చేసి, శుభలేఖల కోసం వచ్చాడు.

చెట్టు మీద ఉడుత కిసుక్కుమంది. "ఇంకా ఆ పాత సిస్టమేనా, మావయ్యా?"

కూర్మయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. అన్నిటికంటే కొత్త సిస్టం సాఫ్ట్‌వేర్ తెచ్చి, ఆ పాత కంప్యూటర్‌లోకే ఎక్కించడం మొదలెట్టాడు.

"ముందు నా శుభలేఖ కానీ, బావా," అన్నాడు గోదురుకప్ప.

"చిటికెలో పని!"

పాత కంప్యూటర్ మూలిగింది. తెర మీద ఓ చక్రం తిరుగుతూనే ఉంది. చూస్తుండగానే మబ్బు పట్టి, జోరున వాన కురిసింది.

"పెళ్ళి కాకుండానే వానొచ్చింది, నీ శుభలేఖే రాలేదు!" అంటూ గోదురుకప్ప మడుగులోకి దూకాడు.

కూర్మయ్య తెర వంక చూశాడు. "వచ్చేస్తున్నా, కాస్త ఆగండి" అని ఉంది. బుద్ధెరిగినప్పటి నుంచీ తను ఊరందరికీ చెబుతున్న మాటే అది.

"వినేవాళ్ళకి ఇంత ఒళ్ళు మండుతుందా!" అనుకుని, మెల్లగా తల డిప్పలోకి లాక్కున్నాడు.