అమ్మ కోసమే

"ప్రాణం మీదికొచ్చినప్పుడు స్పీడు ఎవరు చూసుకుంటారు? అదే మన వాదన," అన్నాడు లాయరు. "అమ్మగారికి గుండెనొప్పి. కొడుకు ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. సాక్షి మీరేనమ్మా."

చెల్లెలు పక్క కుర్చీలో ఉన్న అన్నయ్య వైపు చూసి తలూపింది. అన్నయ్యది డ్రైవింగు మీద బతుకు, లైసెన్సు పోతే రోడ్డున పడతాడు. అమ్మ పోయేముందు ఇల్లు తనకే రాసిచ్చిందని అన్నయ్య చెప్పినప్పుడు కూడా ఆమె ఇలాగే తలూపింది.

"ఆ సాయంత్రం మీరెక్కడున్నారు?"

"ఆసుపత్రి గేటు దగ్గర, చక్రాల కుర్చీ పట్టుకుని. వచ్చేస్తున్నామని ఫోన్ చేసి గంటకి వచ్చాడు. దారంతా ట్రాఫిక్కట. అప్పటికే అమ్మ..."

"ట్రాఫిక్కు మాట ఎత్తకండి. మరి అంత స్పీడెలా వెళ్లాడంటారు." లాయరు పోలీసులు పంపిన స్పీడు కెమెరా ఫొటో ముందుకు జరిపాడు. "కారు ఇదే కదా?"

కారు అదే. వెనక అద్దంలోంచి పక్కకి వాలిన అమ్మ తల కనిపిస్తోంది. కారు దాటేసిన ఆసుపత్రి గేటు దగ్గర, చక్రాల కుర్చీతో ఒకావిడ ఇంకో వైపు చూస్తూ నిలబడి ఉంది. భుజాన అమ్మ బట్టల సంచీ.

చెల్లెలు చాలాసేపు ఫొటో వదల్లేదు.

"అమ్మ బొటనవేలికి ఆ సిరా ఏమిటంటే, ఆసుపత్రిలో పూశారన్నావు కదన్నయ్యా."

అన్నయ్య ఫొటో లాక్కుని లాయరుకిచ్చేస్తూ అన్నాడు:

"రిజిస్ట్రారు ఆఫీసు ఐదింటికి మూసేస్తారే. ఆసుపత్రి ఎప్పుడూ తెరిచే ఉంటుంది కదా."