గోడను అమ్మమన్న అల్లుడు

“గోడను అమ్మేయాలి మామయ్యగారూ,” అన్నాడు అల్లుడు.

టైర్ల కొట్టులో అందరూ అతని వైపు తిరిగారు. కొట్టు మామగారిది. శనివారం సాయంత్రం షట్టరు సగం దించి, పేర్చిన టైర్ల మీద కూర్చుని, ఊరి ఫుట్‌బాల్ జట్టు మంచిచెడ్డలు తేల్చే అభిమానుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. గోడ అనేది ఆ జట్టు వెనక వరస ఆటగాడికి జనం పెట్టిన పేరు. ముప్పై ఆరేళ్ళు వచ్చి పరుగు తగ్గింది కానీ, అతన్ని దాటి బంతి పోవడం ఇప్పటికీ కష్టమే.

“గోడ లేకపోతే ఇల్లెక్కడిది అల్లుడుగారూ?” అన్నారు మామగారు, చేతికంటిన నలుపు గుడ్డతో తుడుచుకుంటూ.

“ఉన్న ఇల్లు మాత్రం ఏపాటిదండీ? ఎనిమిదేళ్ళుగా ఏడో స్థానం. పైకి పోం, కిందికి జారం. అదీ ఒక బతుకేనా?”

“పద్నాలుగు జట్లలో ఏడో స్థానమంటే పరువైనదే బాబూ,” అన్నాడు వెల్డరు. సంఘంలో మామగారి తర్వాత పెద్ద గొంతు అతనిదే. “ఎంతటి జట్టయినా మన మైదానానికొస్తే చెమటలు పట్టాల్సిందే. పోయినేడు రేవు జట్టుకి కప్పు తప్పింది ఎవరి వల్లనుకున్నావ్? మన గోడ వల్లే.”

“ఇంకొకళ్ళ కప్పు పోగొట్టి ఎన్నాళ్ళు సంబరపడతాం?” అల్లుడు లేచి నిలబడ్డాడు. “మనకంటూ ఒకటి వద్దా? పాతవాళ్ళని పంపేసి కుర్రాళ్ళని తెద్దాం. కొన్నేళ్ళు ఓడతాం. ఓడనివ్వండి. పునాది తవ్వేటప్పుడు ఊరికి కనబడేది గొయ్యేగా.”

గోడను ఉంచాలో అమ్మాలో అభిమానులనే చెప్పమని క్లబ్బువాళ్ళు సంఘానికి వదిలేశారు. మామగారి మనసు గోడ వైపే ఉంది. కానీ వేరే ఊరి నుంచి వచ్చిన పిల్లాడు, పెళ్ళయి ఏడాదైనా తిరక్కుండానే ఈ జట్టును ఇంతగా నెత్తికెత్తుకోవడం చూస్తే ఆయనకు ముచ్చటేసింది.

చేతులెత్తించారు. సగం ఇటు, సగం అటు. కాసేపు తటపటాయించి మామగారు తన చెయ్యి అల్లుడి వైపు ఎత్తారు.

“చేతిలో వెన్న పారేసి నేతికి పరుగెడుతున్నాం,” అంటూ వెల్డరు చెప్పులు వేసుకున్నాడు.

గోడ వెళ్ళిపోయాడు. ఆ ఏడు జట్టు అట్టడుగుకు చేరింది. కుర్రాళ్ళు బంతి ఎటు పోతే అటు గుంపుగా పరుగెత్తేవాళ్ళు. ఒక ఆటలో ఆరు గోల్స్ తిన్నారు. కొట్టుకొచ్చిన బేరగాళ్ళు తమ టైరు చూపించి, “మీ జట్టులాగే ఉందండీ, ఎంత నింపినా నిలవడం లేదు,” అనేవాళ్ళు.

మామగారికి భోజనం సహించేది కాదు. అల్లుడు మాత్రం ఒక్క ఆట మానలేదు. ఓడిన రోజున మామగారి భుజం మీద చెయ్యేసి ఇంటికి నడిపించుకొచ్చి, ఎదురుగా కూర్చుని, కబుర్లు చెబుతూ మారు వడ్డించుకునేవాడు.

“ఆరు గోల్స్ పడినా మొహాన నవ్వు చెరగలేదు. నిబ్బరమంటే అదీ,” అన్నారు అత్తగారు. “మీరూ ఉన్నారు, ఎందుకు?”

రెండో ఏడూ అంతే. సంఘంలో సగంమంది రావడం మానేశారు. వెల్డరు దారిలో ఎదురైనా తల తిప్పుకునేవాడు. అధ్యక్ష పదవి వదిలేస్తానన్నారు మామగారు.

“పట్టు విడవకండి మామయ్యగారూ. ఇంకో నాలుగేళ్ళు ఇలాగే పోనిద్దాం,” అన్నాడు అల్లుడు. ఆ ఓపికకు మామగారికి కళ్ళు చెమర్చాయి.

మూడో ఏడు కుర్రాళ్ళు కుదురుకున్నారు. కలిసి ఓడీ ఓడీ ఒకరి అడుగు ఒకరికి తెలిసిపోయింది. ఒకడు తలెత్తకుండా బంతి వదిలితే, రెండోవాడు సరిగ్గా అక్కడుండేవాడు. జట్టు ఏడో స్థానం దాటింది, నాలుగూ దాటింది. కొట్టులో కూర్చోడానికి టైర్లు చాలలేదు. వెల్డరు ఏమీ జరగనట్టే వచ్చి తన పాత చోట కూర్చున్నాడు.

అల్లుడు మాత్రం చిక్కిపోయాడు. ఆట ముందు నిద్ర ఉండేది కాదు. గెలిచి ఇంటికొస్తే తలనొప్పని పడుకునేవాడు.

“ఇంతలా మనసుకు పట్టించుకుంటే ఎలాగండీ, ఆటే కదా,” అంది భార్య, నుదుటికి మందు రాస్తూ.

“నీకు తెలీదులే.”

“ఎందుకు తెలీదు? మా నాన్న కోసం మీరు పడే తపన నాకు కనబడదా?”

అతను అటు తిరిగి పడుకున్నాడు.

ఆఖరి ఆట రేవు జట్టుతో. కప్పుకు వాళ్ళకి డ్రా చాలు, వీళ్ళు గెలిచి తీరాలి. ఆట ముగియవస్తున్నా ఎవరికీ గోల్ పడలేదు. మామగారు కళ్ళు మూసుకున్నారు. అల్లుడు గోళ్ళు కొరుకుతూ ముందుకు వంగాడు. అంతలో అందరికంటే చిన్న కుర్రాడు ఇద్దరి మధ్య నుంచి దూరి, పడిపోతూనే కాలు విసిరాడు. బంతి వలలో పడింది.

మైదానం హోరెత్తింది. వెల్డరు ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా ముద్దు పెట్టుకున్నాడు. అల్లుడు మాత్రం కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

మామగారు అతన్ని గట్టిగా పొదువుకున్నారు. “నవ్విన నాపచేనే పండింది అల్లుడూ. ఆ రోజు నీ మాట వినకపోతే ఈ జన్మకి ఇది చూసేవాణ్ణి కాదు. అంతా నీ చలవే.”

“ఏడవనివ్వండి, అన్నేళ్ళ బరువు దిగాలిగా,” అన్నాడు వెల్డరు కళ్ళు తుడుచుకుంటూ. “జట్టు కోసం ఇంతలా ఏడ్చినవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు.”

అల్లుడు పుట్టినప్పటి నుంచీ రేవు జట్టు అభిమాని.