గోడ మీద కోటు

"ఓ పెద్దాయనా! ఎవరు నువ్వు? ముందు ఆ ఇటుక కింద పెట్టు!"

దర్జీ అక్క కేకకు ముసలాయన చేతిలోని ఇటుక జారి కాలి పక్కన పడింది. విప్పి గోడ మీద పెట్టిన ఆయన కోటు మీద దుమ్ము లేచింది.

పొద్దుటి నుంచీ అక్క కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. పాడుబడ్డ గోదామును పేటవాళ్లే బాగుచేసి కుట్టుపని కేంద్రం పెట్టుకోవాలని ఆమె పంతం. చూడటానికి శాసనసభ్యురాలు వస్తోంది. ఆవిడకు నచ్చితే గోదాము పేటకు దక్కుతుంది. లేదంటే వేలానికి పోతుంది.

వెనక గోడ చూస్తే ఇంకా నడుం ఎత్తు కూడా లేవలేదు.

"సాయం చేద్దామని వచ్చానమ్మా."

"మేం అడిగామా?"

"లేదు."

మేస్త్రీ ఆమె చెవిలో గొణిగాడు. "ఇందాకట్నుంచి ప్రతి గుమ్మం ముందూ ఆగి చూస్తున్నాడక్కా."

ఆమె వచ్చి ముసలాయనకు అడ్డంగా నిలబడింది. మునుపొకాయన ఇలాగే ఇళ్లన్నీ చూసిపోయాడు. నెల తిరక్కుండా పేట మొత్తం కూల్చేస్తామని శాసనసభలో బిల్లు పెట్టారు. ఒక్క ఓటు తేడాతో పేట గట్టెక్కింది. అప్పటినుంచి పరాయివాళ్లను పనిలోకి రానివ్వకూడదని కట్టుబాటు.

"ఈ పేటకు నువ్వేమవుతావయ్యా?"

ముసలాయన తడబడ్డాడు. "ఏమీ కానమ్మా. ఎలా ఉన్నారో ఒకసారి చూసిపోదామని..."

"చూశావుగా, ఇక దయచెయ్యి. ఆవిడ వచ్చే వేళయింది, నా ప్రాణం తియ్యకు!"

ఆయన చేతులు దులుపుకుని, నవ్వి, గబగబా వెళ్లిపోయాడు.

కారు రానే వచ్చింది. శాసనసభ్యురాలు గోదామంతా తిరిగి, సగం గోడ దగ్గర ఆగింది.

"ఇంతవరకూ లేపినవాళ్లు మిగతాది లేపలేరా? గోదాము మీదే."

పేటంతా ఈలలు వేసింది. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అంతలో ఆవిడ చూపు గోడ మీది కోటు మీద పడింది. మోచేతి దగ్గర వంకరటింకర మాసిక.

"ఆయన వచ్చారా! ఏరీ?"

అక్క వీధి వైపు చూసింది. "ఇప్పుడే... పంపించేశానమ్మా. ఎవరాయన?"

ఆవిడ కోటు దుమ్ము దులిపింది.

"ఎక్కడో దూరపు నియోజకవర్గం ఆయనది. మీ పేట కూల్చడానికి తన పార్టీ అంతా సరేనంటే, ఈ కోటుతోనే లేచి వద్దని ఓటేసి, మళ్లీ సభ గడప తొక్కలేకపోయింది ఆయనేనమ్మా."