అడుగు కనబడాలి

పెద్దాయన మళ్ళీ లేచి నిలబడ్డాడు. కూర్చున్న కుర్చీ ఇంకా వేడెక్కనే లేదు.

స్విమ్మింగ్ పూల్ కాంట్రాక్టరు ఈ ఇంటికి ఎన్నిసార్లు వచ్చాడో లెక్క తప్పింది. వచ్చిన ప్రతిసారీ ఇదే వరస. పెద్దాయన పెరట్లో ఆ గోడకీ ఈ గోడకీ కాలుకాలిన పిల్లిలా తిరుగుతాడు. ఏది చూపించినా వద్దంటాడు.

అసలు పూల్ కావలసింది ఆయనకి కాదు, కూతురికి. యాక్సిడెంట్‌లో ఆమె తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక, రోజూ నీళ్ళలో నడిస్తేనే కాలు స్వాధీనంలోకి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆలస్యమైనకొద్దీ బిగుసుకుపోతుందని కూడా చెప్పాడు. ఆమె చేతికర్ర పక్కన పెట్టుకుని వరండాలో కూర్చుంది. నాన్న ఎప్పుడు ఊఁ అంటాడా అని ఎదురుచూస్తోంది.

“నాకిది నచ్చింది,” అంటూ కాంట్రాక్టరు తెచ్చిన ఫోటోల్లోంచి ఒకటి తీసి చూపించింది. చుట్టూ రాళ్ళు, అంచున నీటిమొక్కలు, అడుగున నల్లరాయి. అచ్చం అడవిలో మడుగులా ఉంది.

పెద్దాయన ఒక్క చూపు చూసి తల తిప్పుకున్నాడు. “మొక్కలొద్దు. వేళ్ళుంటాయి.”

“వేళ్ళు కుండీల్లోనే ఉంటాయి సార్, బయటికి రావు.”

“వద్దన్నానా!”

కాంట్రాక్టరు రెండో రకం అందుకున్నాడు. “పోనీ, ఫైబర్‌ది చూద్దాం. తయారుగా వస్తుంది, గొయ్యి తవ్వి దింపేయడమే. లోపల కూర్చోడానికి గట్టు కూడా ఉంటుంది.”

“గట్టు కింద సందుంటుందా?”

“సందా? చెయ్యి దూరేంత ఉంటుందేమో సార్.”

“అయితే అదీ వద్దు.”

ఇక మిగిలింది సిమెంటుతో కట్టి టైల్స్ అతికించే రకం. కాంట్రాక్టరు నమూనా టైల్స్ బల్లమీద పరిచాడు. ముదురు నీలం, ఆకుపచ్చ, బూడిదరంగు, తెలుపు. పెద్దాయన వాటిని పెరట్లోని నీళ్ళతొట్టి దగ్గరికి పట్టుకెళ్ళి ఒక్కొక్కటే లోపలికి జారవిడిచాడు. గుప్పెడు మట్టి తీసి నీళ్ళలో కలిపాడు. చొక్కా చెయ్యి భుజందాకా మడిచి, కళ్ళు మూసుకుని, మునివేళ్ళతో అడుగంతా తడిమాడు. నుదుటికి చెమట పట్టింది.

“ఈ నీళ్ళు తేరుకోడానికి ఎంతసేపు పడుతుంది?”

“మన పూల్లోకి బురద ఎందుకొస్తుంది సార్? ఫిల్టరు నడుస్తూనే ఉంటుంది కదా.”

“కరెంటు పోతే?”

అప్పుడు వెలిగింది కాంట్రాక్టరుకి. పైకి పులిలా గద్దించే ఈ మనిషికి నీళ్ళంటే గుండె జారిపోతుందన్నమాట! ఇలాంటివాళ్ళని చాలామందినే చూశాడు. గొంతు మెత్తగా చేసుకున్నాడు.

“ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు సార్. ఈత నేర్పే మాస్టారు నాకు తెలుసు. మీకంటే పెద్దవాళ్ళే ఆయన చేతిలో పడి చేపలైపోయారు. అంత ధైర్యం చాలకపోతే ముందు లైఫ్ జాకెట్ వేసుకుని దిగుదురుగాని.”

కూతురు ఏదో అనబోయింది. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

“తెల్లవే వెయ్యి. అడుగూ, గోడలూ, అంతా తెలుపే. ఎక్కడ నిలబడి చూసినా అడుగు కనబడాలి. లోతు నడుముదాకా చాలు.”

“ఆస్పత్రిలో తొట్టిలా ఉంటుంది నాన్నా.”

“ఉండనీ తల్లీ.” రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగాడు. “నువ్వు దిగినప్పుడల్లా నేను ఒడ్డునే ఉంటాను. నేను లేకుండా దిగకు. సరేనా?”

ఆమె తండ్రి మొహంలోకి కాసేపు చూసింది. ఫోటోని బోర్లించి పక్కన పెట్టింది.

“సరే. తెల్లవే,” అంది.

బతుకుజీవుడా అనుకుంటూ కాంట్రాక్టరు టైల్స్ సర్దుకుని బయల్దేరాడు. కానీ మనసు కుదుటపడలేదు. పూల్ కట్టి డబ్బు పుచ్చుకుంటే తన పని అయిపోతుంది, నిజమే. కాలు సరిగ్గా నిలవని పిల్ల నీళ్ళలో తూలి పడితే? నీళ్ళు చూస్తేనే వణికే మనిషి ఒడ్డున ఉండి ఏం ఒరగబెడతాడు?

ఇంటావిడ గేటుదాకా వచ్చింది. ఇక ఉండబట్టలేక అనేశాడు.

“అమ్మా, ఏమీ అనుకోకండి. మీ అమ్మాయి దిగేటప్పుడు ఈతొచ్చినవాళ్ళని ఎవరినైనా దగ్గర పెట్టుకోండి. సార్ ఒక్కరినే నమ్ముకుని దింపకండి.”

ఆవిడ గేటు గడియమీద చెయ్యి అలాగే ఉంచి పెరటివైపు చూసింది. అక్కడ ఆయన ఇంకా ఆ గోడకీ ఈ గోడకీ తిరుగుతూనే ఉన్నాడు.

“చెరువుల్లో, వాగుల్లో మునిగిపోయినవాళ్ళని వెతికి తీసే గజఈతగాడు బాబూ ఆయన, కానీ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ చేతులకి దొరికినవాళ్ళలో ప్రాణమున్నవాళ్ళు ఒక్కరూ లేరు.”