బాల్కనీ సీటు

"మైదానంల బాల్కనీ యాడిది రాజు సార్?"

వెంకటేశం అడిగిన ఈ ఒక్క ప్రశ్నతో నరసరాజు గొంతులో టీ అడ్డం పడింది. పటాన్‌చెరు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చుట్టూ చేరినవాళ్ళంతా చేతిలో గ్లాసులు దించి ఆయన మొహంలోకి చూశారు.

ఆయన ఎప్పుడూ చెప్పే కథే అది. అరవై ఆరులో, మీసం సరిగా రాని వయసులో, సికింద్రాబాదులో ఒక క్లబ్బు మైదానంలో తాను చూసిన రాక్ షో. గిటార్ల హోరు. డ్రమ్ము వాయించేవాడి చేతిలోంచి పుల్ల ఎగిరిపోతే, వాడు ఆగకుండా అరచేత్తోనే వాయించిన వైనం. అంతా పైనుంచి చూశానంటాడు. "బాల్కనీ టికెట్టా సార్?" అని ఒకనాడు ఎవరో అడిగితే, "మరి నేల టికెట్టనుకున్నావా?" అనేశాడు. సినిమాకు వెళితే పరువుగల మనిషి కూర్చునేది బాల్కనీలోనే కదా! మైదానానికి బాల్కనీ ఉండదన్న సంగతి నోరు జారాక గాని తట్టలేదు.

"అప్పటికప్పుడు కట్టారులేవయ్యా, వెదురు బొంగులతో," అన్నాడు నరసరాజు.

"అచ్ఛా!" అన్నాడు వెంకటేశం. స్టోర్స్‌లో ఉద్యోగం, పక్క ఊరు చిట్కుల్‌లో పొలాలున్న కుటుంబం, తొందరపడే రకం కాదు. "ఆ షోకు నేను గూడ వోయిన సార్. పుల్ల ఎగిరిందని ఇన్న గని, బొంగులు గిట్ల నాకేం అవుపడలే. సరే తియ్యుండ్రి. శనివారం స్టేజీ మీద చెప్తరు గద, ముందటి కుర్సీల కూసుంట."

శనివారం ఫ్యాక్టరీ వార్షికోత్సవం. సికింద్రాబాదు నుంచి కుర్రాళ్ళ రాక్ బ్యాండు వస్తోంది. రాక్ సంగీతం తెలిసిన మనిషి మన దగ్గర రాజుగారొక్కరే అని మేనేజరుగారు వాళ్ళను పరిచయం చేసే పని ఆయనకే అప్పజెప్పారు. మొన్నటిదాకా అది గర్వం. ఇప్పుడు గుండెల్లో రాయి. క్వార్టర్స్ కాలనీ మొత్తం ముందు బండారం బయటపడితే, సోమవారం నుంచి మెషిన్ షాపులో తన కింది హెల్పరైనా తన మాట వింటాడా?

"ఒంట్లో బాగాలేదని చెప్పేయనా హైమా?" అన్నాడు ఇంటికొచ్చి.

"బావుంది వరస! మన లైను ఆడవాళ్ళందరినీ పిలిచాను. మావారు బాల్కనీలో కూర్చుని ఇంగ్లీషు పాటలు విన్న మనిషని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాను." హైమావతి అప్పుడే ఆయన కొత్త బెల్‌బాటమ్ ప్యాంటు హుక్కుతో కుస్తీ పడుతోంది. "ఊపిరి బిగబట్టండి. ఇంకా. ఇంకొంచెం. అబ్బే లాభం లేదు, పిన్నీసు పెట్టాల్సిందే."

ఫ్యాక్టరీ మొత్తానికి రాక్ సంగీతం తెలిసిన ఏకైక వ్యక్తి తన పొట్ట వంక తానే చూసుకుని నవ్వుకున్నాడు. ఆనాడు ఇంత పొట్ట ఉంటే ఆ ఒక్క పాట కూడా దక్కేది కాదు.

అవును, విన్నది ఒక్క పాటే. ఎక్కణ్ణుంచి విన్నాడన్నది మాత్రం చెప్పుకునే తీరులో లేదు. కానీ ఆ పాటకు ఒళ్ళు జలదరించింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత సంతోషం మళ్ళీ పెళ్ళినాడు కూడా కలగలేదు. ఈ సంగతి హైమావతికి చెప్పలేదు.

మరునాడు గోంగూర పచ్చడి జాడీ పట్టుకుని స్టోర్స్‌కు వెళ్ళాడు. "మా ఆవిడ పంపింది వెంకటేశం. మనలో మన మాట, రేపు స్టేజీ దగ్గర ఆ బాల్కనీ ఊసు..."

వెంకటేశం వేలితో ఇంత పచ్చడి తీసి నాలికకు రాసుకున్నాడు. "మస్తుంది సార్. ఇంతకు ఆ బాల్కనీ ఎంత ఎత్తుంటదో?"

"ఎంతనీ... ఒక మనిషెత్తు."

"అట్ల చెప్పుండ్రి!" అని వెంకటేశం జాడీ మూత పెట్టి పక్కన పెట్టుకున్నాడు. మాట మాత్రం ఇవ్వలేదు. పచ్చడీ పోయింది, భయమూ పోలేదు.

శనివారం సాయంత్రం నరసరాజు మైకు ముందు నిలబడ్డాడు. వెనకాల బ్యాండు కుర్రాళ్ళు గిటార్లు సవరించుకుంటున్నారు. మేనేజరుగారు తల పంకిస్తున్నారు. హైమావతి పక్కావిడను మోచేత్తో పొడుస్తోంది. గిటార్ల గురించి చెప్పాడు, పుల్ల గురించి చెప్పాడు. బాల్కనీ పేరెత్తకుండా గట్టెక్కబోతుండగా ముందు కుర్చీలోంచి చెయ్యి లేచింది.

"సార్, బాల్కనీ మంచిగ గట్టిగుండెనా?"

అందరి తలలూ అటు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగాయి. నరసరాజుకు నడుం దగ్గర పిన్నీసు గుచ్చుకుంది.

"లేదయ్యా, ఊగింది. మొదట్లో బాగానే ఉంది గాని, పాట ముగిసేవేళకు మరీ ఊగిపోయింది. కూలుతుందేమోనని దూకేసి వచ్చేశాను," అన్నాడు. బాల్కనీ గురించి ఇన్నాళ్ళూ చెప్పినదాంట్లో నిజానికి దగ్గరగా ఉన్నది ఆ ఒక్క మాటే.

జనం ఘొల్లుమన్నారు. వెంకటేశం నవ్వలేదు. ఎడమ భుజం రుద్దుకుంటూ లేచి స్టేజీ దాకా వచ్చాడు.

"ఊగదా సార్ మరి? చీకట్ల ఆ మైదానం గోడకు మొఖం పెట్టి నేను నిలవడితె, బూట్లు గూడ ఇప్పకుండ నా భుజాలెక్కితిరి. ఒక పాట మీకు, ఒక పాట నాకు అనుకుంటిమి, వాచ్‌మన్ సీటీ కొట్టంగనే మీరు దుంకి ఉరికితిరి. ఇగ దిగుండ్రి సార్, నా వంతొచ్చింది."